కొసరు, కార్డు, ఖాతా: కమ్మింగ్ బజారులో విధేయత విలువ

తెలుగునాట కూరగాయల బజారులో తూకం ముగిశాక ఒక చిన్న ఘట్టం ఉంటుంది. అమ్మే ఆమె తక్కెడ దించి, వంకాయలు సంచిలో పోసి, వాటిపైన నాలుగు పచ్చిమిరపకాయలో ఒక కరివేపాకు రెబ్బో వేస్తుంది. దాని పేరు కొసరు. అది ధరలో భాగం కాదు, దానమూ కాదు. కొన్నవారు మళ్ళీ వస్తారన్న నమ్మకం, రావాలన్న ఆశ, ఈ రెండింటికీ ఆమె పెట్టే చిన్న పెట్టుబడి. దానికి రశీదు లేదు, గడువు లేదు, నిబంధనల పత్రం లేదు.

జార్జియా రాష్ట్రంలోని కమ్మింగులో ఈ ఘట్టం స్థానాన్ని ఒక ప్రశ్న ఆక్రమించింది: "మీ ఫోను నంబరు?" పది అంకెలు నొక్కితే తెర మీద ధరలు ఒక్కొక్కటిగా తగ్గుతాయి. నొక్కకపోతే అదే సరుకు, అదే కౌంటరు, అదే నిమిషం, వేరే ధర. పిల్లల దగ్గర ఆరు నెలలు గడపడానికి వచ్చిన తల్లిదండ్రులు వీధుల పేర్లకన్నా ముందు కొడుకు నంబరునో కూతురి నంబరునో బట్టీ పట్టడం ఆ ఇళ్ళలో మామూలు విషయం. కూరగాయలామె మనిషి ముఖాన్ని గుర్తు పెట్టుకునేది. ఇక్కడి దుకాణం నంబరును గుర్తు పెట్టుకుంటుంది.

ఈ ఏర్పాటును అమెరికా వర్తక ప్రపంచం 'లాయల్టీ' అంటుంది. తెలుగులో దానిని విధేయత అనవచ్చు, విశ్వాసం అనవచ్చు. రెండు మాటలకూ అర్థంలో చాలా దూరం ఉంది. విధేయత కిందివారు పైవారికి చూపేది, విశ్వాసం ఇరువైపులా ఉండవలసినది. పెద్ద దుకాణాలు తమ పథకాలనూ యంత్రాలనూ సేవనూ ఎంత బాగా నడుపుతున్నాయన్న ప్రశ్నకు సమాధానం ఈ రెండు మాటల మధ్య దూరంలోనే ఉంది.

ఊరు, బజారు

కమ్మింగ్ నగర పరిధి చిన్నది. 2020 జనగణన ప్రకారం అందులో నివసించేవారు ఏడు వేల పైచిలుకు మాత్రమే. అయితే కమ్మింగ్ అన్న తపాలా చిరునామా ఆ పరిధి దాటి ఫోర్సైత్ కౌంటీలో చాలా భాగానికి వ్యాపించింది. ఆ కౌంటీ జనాభా 1990లో 44,083. 2020లో 2,51,283. ముప్ఫై ఏళ్ళలో అయిదు రెట్లకు పైగా పెరిగిన ఈ జనంలో ఆరుగురికి ఒకరికన్నా ఎక్కువమంది ఆసియా మూలాలవారు. వారిలో తెలుగువారి ఉనికి అక్కడి బడుల్లోనూ గుడుల్లోనూ అంగళ్ళలోనూ స్పష్టంగా కనిపిస్తుంది. జార్జియా 400 రహదారి వెంట ఆల్ఫరెటా మీదుగా ఉత్తరానికి పెరిగిన సాంకేతిక ఉద్యోగాలు, పేరున్న ప్రభుత్వ పాఠశాలలు వారిని ఇక్కడికి రప్పించాయి.

ఇటువంటి ఊరు వర్తకుడికి ఒక వరం, ఒక చిక్కు కూడా. ఇక్కడ తరతరాల ఖాతాలు లేవు. ఫలానా దుకాణంలో తాతగారు కొనేవారు కాబట్టి మనవడూ అక్కడే కొనాలన్న అలవాటు లేదు. మంచి జీతాలున్న కొత్త కుటుంబాలు, పెద్ద ఇళ్ళు, పదేసి నిమిషాల దూరంలో క్రోగర్, పబ్లిక్స్, వాల్‌మార్ట్, టార్గెట్, వాటికి తోడు భారతీయ సరుకుల దుకాణాలు. సోనా మసూరి ఒకచోట, పాలు మరొకచోట, బాదం పప్పు ఇంకొకచోట కొనే కుటుంబాన్ని కట్టి ఉంచేది ఏది? పథకాలన్నీ ఈ ప్రశ్నకు సమాధానంగా పుట్టినవే.

కూపన్ నుంచి లోహరేఖాంశం దాకా

ఈ సమాధానాల చరిత్రలో కొంత భాగం కమ్మింగుకు గంట ప్రయాణంలోనే జరిగింది. 1880ల చివరి సంవత్సరాలలో అట్లాంటా వ్యాపారి ఏసా కాండ్లర్ ఒక గ్లాసు కోకాకోలా ఉచితమని రాసిన చీటీలను పంచిపెట్టాడు. ఆధునిక కూపనుకు అదే ఆది అని చెప్తారు. 1913 నాటికి అటువంటి చీటీల మీద ఇచ్చిన గ్లాసులు సుమారు 85 లక్షలు. ఆ చీటీ ఎవరి పేరూ అడగలేదు. రుచి చూపించి వదిలేసింది.

1896లో స్పెర్రీ, హచిన్సన్ అనే ఇద్దరు ప్రారంభించిన గ్రీన్ స్టాంపులు రెండో మెట్టు. పది సెంట్ల కొనుగోలుకు ఒక స్టాంపు. 1,200 స్టాంపులతో పుస్తకం నిండితే ఇంటి సామాను. ఇక్కడ కొత్తగా వచ్చి చేరింది కాలం. కొసరు అప్పటికప్పుడు చేతికి వచ్చేది. స్టాంపు రేపటి ఆశ మీద నడిచేది. అయినా ఏ ఇల్లాలు ఏమి కొన్నదో స్టాంపుల కంపెనీకి తెలియదు.

1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రారంభించిన ఆడ్వాంటేజ్ పథకంతో ప్రయాణికుడి పేరు లెక్కలోకి వచ్చింది. 1995లో బ్రిటన్ దుకాణ సంస్థ టెస్కో క్లబ్‌కార్డును దేశమంతటా ప్రవేశపెట్టడంతో ఆ పద్ధతి కిరాణాలోకి దిగింది. దాని వెనుక ఎడ్వినా డన్, క్లైవ్ హంబీ దంపతుల సంస్థ డన్‌హంబీ ఉంది. కొన్నవారికి ఇచ్చే తగ్గింపు ఇక్కడ ముఖ్యం కాదు. ఆ తగ్గింపుకు బదులుగా వచ్చే కొనుగోళ్ళ చిట్టా ముఖ్యం. పసిపిల్లల డైపర్లు కొన్న ఇల్లు ఏది, మద్యం మానేసిన ఇల్లు ఏది అన్నది దుకాణానికి మొదటిసారిగా తెలిసింది. ఆ సంవత్సరమే టెస్కో తన చిరకాల ప్రత్యర్థి సెయిన్స్‌బరీని దాటింది.

అమెరికాలో ఈ విద్యను క్రోగర్ అందిపుచ్చుకుంది. 2003లో డన్‌హంబీతో భాగస్వామ్యం కుదుర్చుకుని, 2015లో ఆ అమెరికా విభాగాన్ని తన సొంతం చేసుకుని '84.51°' అని పేరు పెట్టింది. అది క్రోగర్ ప్రధాన కార్యాలయం ఉన్న సిన్సినాటి నగరపు రేఖాంశం. ఈ సంస్థ కొనుగోళ్ళ సమాచారాన్ని విశ్లేషించి సరుకుల తయారీదారులకు అందిస్తుంది. అంటే కమ్మింగులో ఒక ఇంటి వంటగది రెండుసార్లు వ్యాపారమవుతుంది. పెరుగు డబ్బా ఇంటివారికి అమ్ముడుపోతుంది. వారు పెరుగు కొంటారన్న సంగతి పెరుగు కంపెనీకి అమ్ముడుపోతుంది. తగ్గింపును ఈ రెండో అమ్మకంలో ఇంటివారికి దక్కే వాటాగా చూస్తే లెక్క తేటపడుతుంది. ఆ వాటా న్యాయమైనదా కాదా అన్నది ఎవరూ వారితో బేరమాడలేదు.

పాయింటు ఎవరి ఆస్తి?

క్రోగర్ ఇంధన పాయింట్ల లెక్క కమ్మింగ్ వాసులకు కంఠోపాఠం. డాలరుకు ఒక పాయింటు, నూరు పాయింట్లకు గాలనుకు పది సెంట్ల తగ్గింపు. పదిహేను గాలన్ల ట్యాంకు నింపేవారికి నూరు డాలర్ల కొనుగోలు మీద డాలరున్నర మిగులుతుంది. అంటే నూటికి ఒకటిన్నర. గిఫ్టు కార్డులకు నాలుగింతల పాయింట్లు ఇచ్చే రోజుల్లో ఇది ఆరు శాతమవుతుంది. ఆ రోజుల కోసం కాచుకుని, ఇతర దుకాణాలలో ఎలాగూ పెట్టబోయే ఖర్చుకు గిఫ్టు కార్డులు ఇక్కడే కొనే గృహస్థులు తక్కువేమీ కాదు. కాని ఒక నెలలో సంపాదించిన పాయింట్లు మరుసటి నెలాఖరుతో చెల్లిపోతాయి. లెక్క రాసుకునేవారికి లాభం, మరిచిపోయేవారికి నష్టం. పథకం సుఖంగా నడిచేది మరిచిపోయేవారి పుణ్యాన.

ఇది వ్యంగ్యం కాదు, గణకశాస్త్రం. అమెరికాలోని పెద్ద కంపెనీలకు 2018 నుంచి అమలులోకి వచ్చిన ఆదాయ లెక్కల ప్రమాణం ప్రకారం, అమ్మకంతో పాటు ఇచ్చిన పాయింటు కంపెనీ ఇంకా తీర్చవలసిన బాధ్యత. అందుకు తగిన ఆదాయాన్ని వాయిదా వేసి చూపించాలి. వినియోగదారుడు వాడుకున్నప్పుడు, లేదా ఎన్నటికీ వాడుకోడని అంచనా కట్టినప్పుడు, అది ఆదాయమవుతుంది. కనుక మరుపు కూడా అంచనాలో ఉంది. దానికి లెక్కలలో ఒక వరుస ఉంది.

ఈ బాధ్యత ఎంత విలువైన ఆస్తి కాగలదో అట్లాంటా కేంద్రంగా ఉన్న డెల్టా విమాన సంస్థ నిరూపించింది. మహమ్మారి కాలంలో, 2020 సెప్టెంబరులో, స్కైమైల్స్ పథకాన్ని తాకట్టు పెట్టి 900 కోట్ల డాలర్ల రుణం తెచ్చుకుంది. విమానాలు నేల మీద నిలిచిపోయిన రోజుల్లో మైళ్ళు మాత్రం ఎగిరాయి. 2023లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి డెల్టాకు వచ్చినది సుమారు 680 కోట్ల డాలర్లు. క్రెడిట్ కార్డు గీసిన ప్రతిసారీ బ్యాంకు డెల్టా దగ్గర మైళ్ళు కొని ఖాతాదారుకు ఇస్తుంది. పథకం విమానాలను నింపే ఉపాయంగా మొదలై, విమానాలకన్నా నమ్మకమైన ఆదాయమైంది.

అదే 2023 సెప్టెంబరులో డెల్టా తన ఉన్నత శ్రేణి సభ్యత్వానికి నిబంధనలు కఠినం చేసింది. ఎంత దూరం ప్రయాణించారన్నది పక్కకుపోయి, ఎంత ఖర్చు పెట్టారన్నదే కొలత అయింది. ఏళ్ళ తరబడి ఒకే సంస్థలో ప్రయాణించినవారు తిరగబడ్డారు. మరీ ముందుకు పోయామని సంస్థ అధిపతి ఎడ్ బాస్టియన్ ఒప్పుకున్నారు. అక్టోబరులో నిబంధనలు కొంత సడలాయి. పాఠం స్పష్టం. పాయింటు విలువను ముద్రించేవాడే మార్చగలడు. ఇంట్లో దాచుకున్న రూపాయి విలువ తగ్గితే ప్రభుత్వాన్ని నిలదీయవచ్చు. మైలు విలువ తగ్గితే నిలదీయడానికి ఉన్నది అలిగి మానెయ్యడం ఒక్కటే. ఆ సెప్టెంబరులో పనిచేసినది ఆ అలకే.

మూడు దారులు

కమ్మింగ్ పరిసరాల కుటుంబాలు వాడే మూడు పెద్ద సంస్థలను పోల్చితే విధేయతను సంపాదించడానికి మూడు వేర్వేరు దారులు కనిపిస్తాయి.

మొదటిది క్రోగర్ దారి: రెండు ధరలు పెట్టి, తక్కువ ధరకు గుర్తింపును షరతు చెయ్యడం. ఇది లెక్కలో చురుకైనవారికి లాభసాటి. కాని కార్డు ధర ఒకటి, డిజిటల్ కూపనుతో మరొకటి, అయిదు వస్తువులు కొంటే ఇంకొకటి అయినప్పుడు, అరల మీది చీటీ చదవడమే ఒక పనైపోతుంది. డిజిటల్ కూపను ఫోనులో ముందుగా నొక్కి పెట్టుకోనివారికి పోస్టరులోని ధర వర్తించదు. స్మార్ట్ ఫోను వాడకం రాని వృద్ధులు అందరికన్నా ఎక్కువ ధర చెల్లించవలసిరావడం ఇందులోని అన్యాయం. 2025లో శాన్ డియేగో నగరపాలక సంస్థ, డిజిటల్ తగ్గింపు ఇచ్చే కిరాణా దుకాణాలు అదే తగ్గింపును కాగితం మీద కూడా ఇవ్వాలని శాసనం చేయవలసివచ్చింది. ధర తెలుసుకునే హక్కుకు శాసనం కావలసివచ్చిందంటే పథకం దారి తప్పినట్టే.

రెండోది పబ్లిక్స్ దారి. 1930లో ఫ్లోరిడాలో జార్జ్ జెన్‌కిన్స్ ప్రారంభించిన ఈ సంస్థ ప్రధానంగా తన ఉద్యోగుల, వ్యవస్థాపకుడి కుటుంబం చేతిలోనే ఉంది. దానికీ ఇప్పుడొక సభ్యత్వ పథకం ఉంది. కాని ఒకటి కొంటే ఒకటి ఉచితం వంటి వారపు తగ్గింపులకు నంబరు అడగదు. లోపలికి వచ్చిన ప్రతివారికీ ఒకే ధర. సంచులు కారు దాకా మోసి, బహుమానం పుచ్చుకోకుండా తిరిగిపోయే కుర్రవాడే దాని ప్రకటన. మామూలు ధరలు అక్కడ కొంత ఎక్కువన్న మాట కొనేవారిలో ఉంది. ఆ ఎక్కువకు బదులుగా మనిషి దొరుకుతాడు. వాటాలున్న ఉద్యోగి మర్యాదగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. దుకాణానికి తాను ఖాతాదారు కాదు, భాగస్వామి.

మూడోది కాస్ట్‌కో దారి. 1976లో శాన్ డియేగోలో సోల్ ప్రైస్ తెరిచిన ప్రైస్ క్లబ్, 1983లో సియాటిల్‌లో మొదలైన కాస్ట్‌కో, 1993లో ఒకటయ్యాయి. ఇక్కడ క్రమం తలకిందులు. విధేయతకు దుకాణం బహుమతి ఇవ్వదు, ముందుగా వినియోగదారుడే దుకాణానికి కట్నం చెల్లిస్తాడు. 2024 సెప్టెంబరు 1 నుంచి ఆ రుసుము ఏడాదికి 65 డాలర్లు, ఎగ్జిక్యూటివ్ సభ్యులకు 130. సరుకుల మీద లాభాన్ని పద్నాలుగు, పదిహేను శాతానికి మించకుండా కట్టడి చేసుకోవడం ఆ సంస్థ పాత నియమం. 2024 ఆర్థిక సంవత్సరంలో సభ్యత్వ రుసుముల మీద వచ్చినది 483 కోట్ల డాలర్లు. అది ఆ ఏటి నిర్వహణ లాభంలో సగానికి పైగా. అంటే కాస్ట్‌కో అసలు అమ్మేది బియ్యం బస్తా కాదు. బియ్యం బస్తా మీద తనను మోసం చెయ్యరన్న నిశ్చింతను అమ్ముతోంది.

ఎగ్జిక్యూటివ్ సభ్యత్వపు లెక్క కూడా దాచనిది. అదనంగా కట్టే 65 డాలర్లు రెండు శాతం బహుమతి రూపంలో తిరిగి రావాలంటే ఏడాదికి 3,250 డాలర్లు, అంటే నెలకు 271 డాలర్ల చొప్పున కొనాలి. నలుగురున్న ఇల్లు ఇది దాటవచ్చు. ఇద్దరే ఉన్న ఇల్లు దాటకపోవచ్చు. సభ్యత్వంతో తృప్తి లేకపోతే కట్టిన రుసుమును తిరిగి ఇవ్వడం అక్కడి హామీ. తలుపు బయటికి కూడా తెరుచుకుంటుందన్న సంగతి లోపల ఉండేవారికి ధైర్యమిస్తుంది. అమెరికా, కెనడాలలో నూటికి తొంభైమందికి పైగా సభ్యత్వం కొనసాగిస్తున్నారన్న కంపెనీ లెక్కను ఈ వెలుగులో చదవాలి.

ఈ దారికీ ఒక ఎత్తైన గుమ్మం ఉంది. ముందుగా రుసుము, కారు, డీప్ ఫ్రీజరు, పదిహేను కిలోల సరుకు దాచే చోటు, ఇవన్నీ ఉన్నవారికే చౌక. అద్దె గదిలో ఉండే విద్యార్థికి ఈ నిశ్చింత అందదు. చౌకగా కొనడానికి ముందు కొంత సంపన్నులై ఉండాలన్నది పాత సత్యమే.

యంత్రం చేతికి మనిషి పని

సెల్ఫ్ చెకౌట్ యంత్రానికి కూడా ఈ ప్రాంతమే పుట్టిల్లు. డేవిడ్ హంబుల్ రూపొందించిన యంత్రాన్ని మొదటిసారి 1986లో అట్లాంటా సమీపంలోని ఒక క్రోగర్ దుకాణంలో పెట్టారు. 1916లో మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ తెరిచిన పిగ్లీ విగ్లీ, అరల మీది సరుకు తీసే పనిని వినియోగదారుడికి అప్పగించింది. డెబ్భై ఏళ్ళ తరవాత లెక్క కట్టే పని కూడా అప్పగింతలలో చేరింది. మొదటి అప్పగింతలో ఎంచుకునే స్వేచ్ఛ దక్కింది. రెండోదానిలో దక్కింది ఏమిటన్నది ఇప్పటికీ తేలలేదు.

అరటిపండుకు 4011, కొత్తిమీరకు 4889. ఈ అంకెలు ఒకప్పుడు క్యాషియర్ వృత్తిజ్ఞానం. ఇప్పుడు కొనేవారి తలనొప్పి. కొత్తిమీరను ఆంగ్లంలో బ్రిటిష్ అలవాటుగా ఒక పేరుతో వెదికే తెలుగు తల్లికి, ఇక్కడి తెర స్పానిష్ నుంచి వచ్చిన మరో పేరుతోనే దానిని చూపిస్తుంది. పేరు దొరక్క ఆమె ఆగితే ఎర్ర దీపం వెలుగుతుంది. వెనుక వరుస కదలదు. చదువుకున్న మనిషి, ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషి, ఒక యంత్రం ముందు దొంగలా నిలబడవలసివస్తుంది. ఎర్ర దీపం సహాయానికా అనుమానానికా అన్నది యంత్రం చెప్పదు. ఆరు యంత్రాలకు ఒక్క ఉద్యోగి కాపలా. అతడి పని అమ్మడమూ కాదు, ఆదుకోవడమూ కాదు.

ఈ లోపాన్ని వర్తకులు తమ నష్టాల ద్వారా గుర్తించారు. 2024లో టార్గెట్ సెల్ఫ్ చెకౌట్‌ను పది వస్తువులకు పరిమితం చేసింది. డాలర్ జనరల్ వేలాది దుకాణాలలో ఆ యంత్రాలను తీసివేసింది. 2018లో సియాటిల్‌లో అసలు కౌంటరే లేని దుకాణాన్ని ప్రజలకు తెరిచిన అమెజాన్, 2024లో తన పెద్ద కిరాణా దుకాణాల నుంచి ఆ సాంకేతికతను వెనక్కి తీసుకుంది. కెమెరాలు తేల్చలేని కొనుగోళ్ళను భారతదేశంలో కూర్చున్న ఉద్యోగులు సరిచూస్తున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. వారి ముఖ్యమైన పని యంత్రానికి శిక్షణ ఇవ్వడమని, సరిచూసేది కొద్ది భాగమేనని కంపెనీ వివరణ ఇచ్చింది. రెండింటిలో ఏది ఎంత నిజమైనా, మనిషి మాయం కాలేదు. కనుచూపు దాటి వేరే ఖండానికి మారాడు.

కాస్ట్‌కో సాంకేతికతలో ఎన్నడూ ముందు వరుసలో లేదు. అయినా సభ్యులు వదలలేదు. సాంకేతికత విధేయతకు మూలం కాదన్న మాటకు ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు. తిరిగి ఇచ్చిన వస్తువును ప్రశ్నలు లేకుండా పుచ్చుకునే కౌంటరు, ఎంత చక్కటి యాప్ కన్నా ఎక్కువ విశ్వాసాన్ని సంపాదిస్తుంది. యంత్రం మంచి సేవను వేగంగా చేయగలదు. చెడ్డ సేవను కూడా అంతే వేగంగా చేస్తుంది.

వెళ్ళేదారి

ఒక సంస్థ వినియోగదారుడిని నిజంగా ఎలా చూస్తుందన్నది అతడు వచ్చేటప్పటికన్నా వెళ్ళేటప్పుడు తెలుస్తుంది. అమెజాన్ ప్రైమ్ 2005లో 79 డాలర్లకు మొదలై 2022 నాటికి 139కి చేరింది. అందులో చేరడం ఒక నొక్కు. మానుకోవడం అలా కాదంటూ 2023 జూన్‌లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావా వేసింది. మానుకునే దారికి కంపెనీ లోపల ఇలియడ్ అని పేరుండేదని ఆ ఫిర్యాదు చెప్పింది. తెలుగువారైతే రామాయణం అని ఉండేవారు. 2025 సెప్టెంబరులో అమెజాన్ తప్పు ఒప్పుకోకుండానే 250 కోట్ల డాలర్లకు రాజీపడింది. అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగి చెల్లించేందుకు. చేరినంత సులువుగా మానుకునే వీలు ఉండాలని కమిషన్ చేసిన దేశవ్యాప్త నియమాన్ని మాత్రం అదే ఏడాది జూలైలో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టివేసింది.

దీనికి మరో వైపు కూడా ఉంది. 2012లో జేసీ పెన్నీ అధిపతి రాన్ జాన్సన్ కూపన్లనూ పేరుకు మాత్రమే ఉండే తగ్గింపులనూ ఎత్తివేసి, రోజూ ఒకే న్యాయమైన ధర అన్నాడు. ఆ ఏడాది అమ్మకాలు నాలుగో వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో అతడి పదవి పోయింది. ఇరవై శాతం నీలి కూపనుతో అమెరికా ఇళ్ళన్నిటినీ అలవాటు చేసిన బెడ్ బాత్ అండ్ బియాండ్ 2023 ఏప్రిల్‌లో దివాలా తీసింది. కూపనుకు అలవాటు పడినవారు దుకాణానికి కాదు, కూపనుకే విధేయులు. బేరమాడి గెలిచామన్న తృప్తి ధరకన్నా తీపి అన్న సంగతి కొసరు అడిగే ప్రతి తెలుగు ఇల్లాలికీ తెలుసు. జాన్సన్‌కు తెలియలేదు.

కొసరును పూజించనక్కరలేదు

ఇక్కడ పాత బజారును బంగారు కాలంగా చిత్రించడం సులువు. అది నిజం కాదు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఎంతమందిని ఆదుకుందో అంతమందిని అప్పులో కట్టేసింది. ఆ కొట్టువాడి జ్ఞాపకంలో మనిషి పేరుతో పాటు కులం, భూమి, పరపతి కూడా ఉండేవి. ఎవరికి అరువు, ఎవరికి 'అరువు రేపు' అన్న బోర్డు, ఎవరికి ముందు తూకం, ఎవరికి చివర అన్నది ఆ జ్ఞాపకమే నిర్ణయించేది. ఒకే ధర ముద్రించిన చీటీ, ఎవరైనా తోసుకుపోగల బండి, ఎవరు నిలబడినా ఒకే వరుస, ఇవి ఆధునిక దుకాణం తెచ్చిన సమానత్వాలు. వాటిని తక్కువ చేయరాదు. చేయరాదు కనుకనే, మనిషిని బట్టి ధర మార్చే ప్రయత్నం వెనకడుగని గుర్తించాలి. వినియోగదారుల ప్రవర్తనను, ఉన్న చోటును బట్టి వేర్వేరు ధరలు చూపే పద్ధతుల మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూలైలో విచారణ మొదలుపెట్టి, 2025 జనవరిలో తొలి వివరాలు వెల్లడించింది. కొట్టువాడు ముఖం చూసి ధర చెప్పే రోజులు యంత్రం రూపంలో తిరిగి వస్తే, ఆ ముఖం చూసేవాడికి ఎదురు చూసే అవకాశం కూడా ఉండదు.

చిన్న దుకాణం పరీక్షలో ఓడిన రోజు కూడా దూరంలో లేదు. 2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించగానే, అమెరికాలో తెలుగువారున్న ఊళ్ళన్నిటా సోనా మసూరి కోసం వరుసలు కట్టారు. కొన్ని దుకాణాలు ఇంటికొక బస్తా అని పంచిపెట్టాయి. కొన్ని గిడ్డంగిలో పాత ధరకు కొన్న బస్తా మీదే రాత్రికి రాత్రి కొత్త ధర అతికించాయి. నిషేధం 2024 సెప్టెంబరు దాకా సాగింది. ధర తగ్గాక కూడా ఏ దుకాణం ఏమి చేసిందన్నది ఇళ్ళలో గుర్తుండిపోయింది. మొదటి రకం దుకాణానికి ఏ పాయింట్లూ అవసరం లేకపోయింది. రెండో రకానికి ఎన్ని పాయింట్లు ఇచ్చినా చాలలేదు. ఖాతా పుస్తకం ఇరువైపులా ఉంటుంది. దుకాణం కొనేవారిని రాసుకుంటుంది, కొనేవారు దుకాణాన్ని రాసుకుంటారు.

కొలతలు

దీనినిబట్టి ఒక లాయల్టీ పథకాన్ని నాలుగు ప్రశ్నలతో కొలవవచ్చు. పథకంలో లేని మనిషికి న్యాయమైన ధర దొరుకుతుందా? సంపాదించిన విలువ చెప్పకుండా కరిగిపోతుందా? పొరపాటు జరిగినప్పుడు నిర్ణయం తీసుకోగల మనిషి ఒకరైనా ఎదురుగా ఉన్నారా? చేరినంత సులువుగా బయటపడవచ్చునా? ఈ కొలతలతో చూస్తే పబ్లిక్స్ మొదటి, మూడో ప్రశ్నలకు, కాస్ట్‌కో రెండో, నాలుగో ప్రశ్నలకు బాగా నిలుస్తాయి. క్రోగర్ పథకం లెక్కకు ఉదారమైనదే కాని మొదటి ప్రశ్న దగ్గర తడబడుతుంది. విమాన సంస్థల మైళ్ళు రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేవు. అమెజాన్‌కు నాలుగో ప్రశ్న ఖరీదు 250 కోట్ల డాలర్లు.

ఈ యంత్రాలను, ఈ యాప్‌లను, ఈ ధరల సూత్రాలను రాసేవారిలో తెలుగు ఇంజనీర్లు ఎందరో ఉన్నారు. జార్జియా 400 వెంట ఉన్న కార్యాలయాలలో పగలు ఆ తెరలను తీర్చిదిద్దేవారి తల్లిదండ్రులే సాయంత్రం వాటి ముందు ఎర్ర దీపం వెలిగించుకుని నిలబడతారు. మొదటి ప్రశ్నను ఆ కార్యాలయపు సమావేశంలో ఒక్కరు అడిగినా మేలే: ఫోను నంబరు లేని మనిషి వస్తే ఏమి జరుగుతుంది?

కమ్మింగులో కరివేపాకు కొసరుగా రాదు. పొట్లం కట్టి ధర చీటీ వేసి అమ్ముతారు. అందుకే కొందరి ఇళ్ళలో కుండీలో కరివేప మొక్క ఉంటుంది. చలికాలం గరాజులోకి, ఎండాకాలం బయటికి మోస్తూ దానిని కాపాడుకుంటారు. పక్కింటివారు అడిగితే రెండు రెబ్బలు తుంచి ఇస్తారు. నంబరు అడగరు.